అభ్యసన వైకల్యం గల పిల్లలు: వారి భావోద్వేగాలు, స్వభావం

ప్రతి తరగతిలోను, ప్రతి మక్తబ్‌లోను ఇటువంటి పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. మాటలో చురుకుగా ఉంటారు. ఆటలో ముందుంటారు. విన్న కథను పొల్లుపోకుండా తిరిగి చెబుతారు. పుస్తకం తెరిస్తే మాత్రం ముందుకు సాగరు. తోటి పిల్లలు నెల రోజులలో నేర్చుకున్న పాఠం వారికి ఏడాదికి కూడా పట్టుబడదు. ఇటువంటి పిల్లవాని గురించి ఉపాధ్యాయుణ్ణి అడిగితే "తెలివి లేక కాదు, ఒళ్ళు వంచడు" అంటారు. తండ్రిని అడిగితే "మొండివాడు, ఎంత చెప్పినా వినడు" అంటారు. తల్లిని అడిగితే "వాడికి పుస్తకమంటేనే భయం" అంటుంది. ఈ ముగ్గురూ చెబుతున్నది అతని చదువును గూర్చి కాదు, స్వభావాన్ని గూర్చి.

సోమరితనం, మొండితనం, భయం. ఇవి చదువు రాకపోవడానికి కారణాలా? లేక చదువు రాకపోవడం వల్ల కలిగిన ఫలితాలా? ఈ ప్రశ్నకు మనం ఇచ్చుకునే సమాధానాన్ని బట్టే ఆ పిల్లవానితో మన ప్రవర్తన ఉంటుంది. కారణమని తలిస్తే దండిస్తాము. ఫలితమని గ్రహిస్తే అసలు కష్టం ఎక్కడున్నదో వెదుకుతాము. కాబట్టి ఇది కేవలం పండితుల చర్చ కాదు. ఒక బాలుని బాల్యం, కొన్నిసార్లు అతని జీవితం మొత్తం, దీనిపై ఆధారపడి ఉంటుంది. ఈ విషయంలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనల సారాంశాన్ని, మన పిల్లల పరిస్థితికి అన్వయించి, పాఠకుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

అభ్యసన వైకల్యం అంటే ఏమిటి?

1877లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అనే జర్మన్ వైద్యుడు చూపు, మాట చక్కగా ఉండి కూడా చదివే శక్తిని కోల్పోయిన పెద్దల స్థితిని 'పదాంధత్వం' అని పేర్కొన్నాడు. 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే నేత్ర వైద్యుడు ఇటువంటి స్థితికే 'డిస్లెక్సియా' అని పేరు పెట్టాడు. పుట్టుకతోనే ఈ కష్టం ఉండే పిల్లలను గూర్చి వైద్య లోకానికి తెలిపినవాడు ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు వైద్యుడు. 1896లో ఆయన 14 ఏళ్ళ బాలుని గూర్చి వ్రాశాడు. ఆ బాలుడు తెలివైనవాడు, ఆటలలో ఎవరికీ తీసిపోడు. కాని సంవత్సరాల తరబడి నేర్పినా చిన్న చిన్న పదాలు కూడా చదవలేకపోయాడు. పాఠాలన్నీ నోటితోనే చెప్పే పద్ధతి ఉంటే బడిలో అందరికంటె చురుకైనవాడు ఇతడే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అన్నాడట. ఆ ఉపాధ్యాయుడు తనకు తెలియకుండానే సమస్యను సరిగ్గా గుర్తించాడు.

1963లో అమెరికాలోని షికాగో నగరంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో శామ్యూల్ కిర్క్ అనే విద్యావేత్త 'లెర్నింగ్ డిజెబిలిటీ' అనే మాటను ప్రతిపాదించాడు. అప్పటి నుండి అదే వ్యాప్తిలోకి వచ్చింది. దానినే మనం అభ్యసన వైకల్యం అంటున్నాము. బుద్ధి, చూపు, వినికిడి తగినంతగా ఉండి, బోధన కూడా సరిగా అందుతూ ఉన్నప్పటికీ చదవడంలోగాని, వ్రాయడంలోగాని, లెక్కలలోగాని వయస్సుకు తగిన ప్రగతి లేక, ఆ కష్టం ఎడతెగకుండా కొనసాగితే దానిని అభ్యసన వైకల్యం అనాలి. 2013లో వెలువడిన అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ప్రకారం వివిధ భాషలు, సంస్కృతులకు చెందిన బడి పిల్లలలో ఇది 5 నుండి 15 శాతం మందిలో ఉంటుంది. అంటే 40 మంది ఉన్న తరగతిలో కనీసం ఇద్దరు.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. బ్రిటన్‌లో ప్రచురితమైన పుస్తకాలలో ఇదే ఇంగ్లీషు మాటను బుద్ధిమాంద్యానికి వాడతారు. కాబట్టి పుస్తకం ఏ దేశంలో అచ్చయినదో చూడకుండా అనువదిస్తే అర్థం తలక్రిందులవుతుంది. అరబ్బు దేశాల విద్యావేత్తలు దీనిని 'సుఊబాతుత్ తఅల్లుమ్' అంటారు. అనగా నేర్చుకోవడంలోని కష్టాలు. మన ఇండ్లలో వినిపించే 'కుంద్ జెహ్న్', 'మొద్దు' అనే మాటలకూ, దీనికీ ఏ సంబంధమూ లేదు.

చదవడంలో కష్టం ఉన్న పిల్లలలో చాలామందికి చిక్కు కంటిలో లేదు. వినిపించే శబ్దాన్ని విడదీసి అక్షరంతో జత చేయడంలో ఉన్నది. మెదడు ఎదుగుదలలోని తేడా దీనికి మూలం. ఇది వంశంలో కూడా వస్తుంది. మన పిల్లల విషయంలో ఈ కష్టం పలు లిపులలో బయటపడుతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి. ద-ధ, బ-భ వంటి జంటలున్నాయి. అరబీలో బే, తే, సే అక్షరాల ఆకారం ఒక్కటే, తేడా నుక్తాలలోనే ఉన్నది. పైగా పదంలోని స్థానాన్ని బట్టి అక్షరం రూపు మారుతుంది. ఉర్దూలో జేర్, జబర్, పేష్ గుర్తులు సాధారణంగా వ్రాయరు. ఒక లిపి ఎడమ నుండి కుడికి, మరొకటి కుడి నుండి ఎడమకు సాగుతుంది. పలు భాషలు నేర్చుకోవడం వల్ల అభ్యసన వైకల్యం రాదు. కాని అది ఉన్న పిల్లవానికి ఉదయం మక్తబ్‌లోను, పగలు బడిలోను, సాయంత్రం ట్యూషన్‌లోను, అనగా రోజుకు మూడుసార్లు, తన అశక్తత ఎదురవుతుంది. తెలుగు లిపికి దగ్గర బంధువైన కన్నడ లిపిని గూర్చి సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇటువంటి లిపులలోని అక్షరాలన్నీ పట్టుబడడానికి మామూలు పిల్లలకు కూడా ఇంగ్లీషు అక్షరాలకంటె చాలా ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి తెలుగు బడిలో ఒకటి, రెండు తరగతులలో తడబడే ప్రతి బిడ్డకూ వైకల్యం ఉన్నదని తొందరపడకూడదు.

ప్రత్యేకమైన స్వభావం అంటూ ఉన్నదా?

అభ్యసన వైకల్యం గల పిల్లలందరికీ ఒకే విధమైన స్వభావం ఉంటుందా? ఉండదు. వారిలో బిడియస్థులున్నారు, ధైర్యవంతులున్నారు. నెమ్మదైనవారు, ఉద్రేకపరులు కూడా ఉన్నారు. అయితే తోటి పిల్లలతో పోల్చినప్పుడు కొన్ని మానసిక లక్షణాలు వీరిలో తరచుగా కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

1. శ్రమ వృథా అనే నమ్మకం: 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే శాస్త్రజ్ఞులు కుక్కలపై ఒక ప్రయోగం చేశారు. ఏం చేసినా తప్పించుకోలేని విద్యుద్ఘాతాలకు గురైన కుక్కలు, ఆ తరువాత తప్పించుకునే వీలున్న చోట కూడా ప్రయత్నించకుండా పడి ఉన్నాయి. దీనికి వారు 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. పదే పదే ఓడిపోయిన పిల్లవానిలో కూడా ఇదే కనిపిస్తుంది. మార్కులు వస్తే "ప్రశ్నలు తేలికగా వచ్చాయి" అంటాడు. రాకపోతే "నాకు బుర్ర లేదు" అంటాడు. అంటే గెలుపు తనది కాదు, ఓటమి మాత్రం తనది. బయటివారికి ఇది సోమరితనంగా కనబడుతుంది. దాదాపు 50 ఏళ్ళ తరువాత, 2016లో, ఆ ఇద్దరు శాస్త్రజ్ఞులే మెదడు మీద జరిగిన కొత్త పరిశోధనల వెలుగులో తమ సిద్ధాంతాన్ని సవరించుకున్నారు. ఎడతెగని బాధ ఎదురైనప్పుడు చేష్టలుడిగి ఉండడమే జీవికి సహజమనీ, తన చేతలతో ఫలితం మారుతుందనే సంగతినే అది నేర్చుకోవలసి ఉంటుందనీ వారు తేల్చారు. ఉపాధ్యాయులకు ఇది ఎంతో విలువైన సంగతి. ఎందుకంటే ఆశ కూడా నేర్పవలసిన పాఠాలలో ఒకటి అని దీని వల్ల తెలుస్తున్నది.

2. తనను గూర్చి తన అంచనా: ఇటువంటి పిల్లలు తమను తాము అన్ని విధాలా తక్కువగా భావిస్తారని చాలామంది అనుకుంటారు. పరిశోధనలు అలా చెప్పడం లేదు. చదువుకు సంబంధించినంత వరకు వారి ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్నదని దాదాపు అన్ని అధ్యయనాలు తెలిపాయి. కాని మొత్తం మీద మనిషిగా తన విలువను గూర్చిన భావం చాలా అధ్యయనాలలో తోటి పిల్లలతో సమానంగానే ఉన్నది. అంటే ఆ బిడ్డ మనస్సులో ఇంకా చెక్కుచెదరని భాగం ఉన్నది. ఆటలో, వంటింట్లో, దుకాణంలో, చేతిపనిలో అతనికి దక్కిన మెప్పు దానిని నిలబెడుతున్నది. "ముందు చదువు సంగతి చూడు" అని ఆ పనులను మాన్పిస్తే మిగిలి ఉన్న ఆధారాన్ని కూడా తీసివేసినవారమవుతాము.

3. ఆందోళన: 2011లో నెల్సన్, హార్వుడ్ అనే పరిశోధకులు 58 అధ్యయనాలను కలిపి పరిశీలించి, అభ్యసన వైకల్యం గల విద్యార్థులలో ఆందోళన లక్షణాలు తోటివారికంటె స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. చిన్న పిల్లలు దీనిని మాటలలో చెప్పలేరు. బడి వేళకు కడుపు నొప్పి, తలనొప్పి వస్తాయి. సెలవు రోజున ఆ నొప్పి ఉండదు. పెద్దలు దీనిని నటన అంటారు. భయం శరీరంలోకి దిగినప్పుడు కలిగే నొప్పి నిజమైన నొప్పే. పైగా భయపడిన మనస్సు విన్నదానిని కాసేపైనా నిలుపుకోలేదు. నిన్న ఇంట్లో అప్పజెప్పిన పాఠం ఇవాళ ఉస్తాద్ ముందు రాకపోవడానికి ఇది ఒక కారణం.

4. దాచుకోవడం, కోపం: చదవలేడని నలుగురిలో బయటపడడంకంటె అల్లరివాడనిపించుకోవడం పిల్లవానికి తేలిక. అందుకే చదవవలసిన వంతు వచ్చే సమయానికి నీళ్ళ కోసం లేస్తాడు. పక్కవానితో తగాదా పెట్టుకుంటాడు. తరగతిని నవ్విస్తాడు. నోటు పుస్తకం పోయిందంటాడు. పరీక్ష కాగితం ఇంట్లో చూపడు. ఇవి తప్పులే. కాని వీటి వెనుక ఉన్నది దుష్ట స్వభావం కాదు, పరువు నిలుపుకోవాలనే తపన.

5. తోటివారితో సంబంధాలు: ఇటువంటి పిల్లలకు తరగతిలో స్నేహితులు తక్కువగా ఉంటారనీ, తిరస్కారం ఎక్కువగా ఎదురవుతుందనీ టానిస్ బ్రయాన్ అనే పరిశోధకురాలు 1974లోనే చూపింది. 1996లో కెవేల్, ఫోర్నెస్ అనేవారు 152 అధ్యయనాలను సమీక్షించి, నలుగురిలో మెలగే నేర్పులో ఈ పిల్లలలో సుమారు 75 శాతం మంది తోటివారికంటె వెనుకబడి ఉన్నారని వ్రాశారు. కొందరిలో దీనికి మూలం అవమాన భయం. మరికొందరు ఎదుటివారి ముఖ కవళికలను, స్వరాన్ని, హాస్యాన్ని పట్టుకోవడంలో నిజంగానే కష్టపడతారు.

6. నిశ్శబ్దంగా ఉండిపోయేవారు: అల్లరి చేసే పిల్లవాడు ఎలాగో కంటబడతాడు. మాటామంతీ లేకుండా వెనుక వరుసలో కూర్చునే ఆడపిల్లను ఎవరూ గమనించరు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో సాలీ షేవిట్జ్ బృందం 1990లో ప్రచురించిన పరిశోధన దీనిని తేటతెల్లం చేసింది. బడులవారు గుర్తించిన పిల్లలలో మగపిల్లలే చాలా ఎక్కువగా ఉన్నారు. కాని పరిశోధకులు తామే పిల్లలందరినీ పరీక్షించినప్పుడు బాలబాలికల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చదువు రావడం లేదని బడి మాన్పించి ఇంటి పనికి పెట్టిన ఆడపిల్లలలో అభ్యసన వైకల్యం గలవారు ఎంతమందో ఆలోచించవలసి ఉన్నది.

కారణమేది, ఫలితమేది?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. ఈ లక్షణాలు ముందా, చదువులోని ఓటమి ముందా? న్యూజీలాండ్‌లో జేమ్స్ చాప్‌మన్, విలియం టన్మర్ తమ సహచరులతో కలిసి, బడిలో అడుగుపెట్టిన పిల్లలను కొన్నేళ్ళపాటు గమనించి 2000లో ఫలితాలు ప్రకటించారు. మూడవ ఏటికి "నాకు చదువు రాదు" అనే భావం స్థిరపడిన పిల్లలు ఎవరని చూస్తే, బడిలో చేరేనాటికే శబ్దాలను, అక్షరాలను పట్టుకోవడంలో వెనుకబడి ఉన్నవారే అని తేలింది. అంటే ముందు శబ్దానికీ అక్షరానికీ ముడి పడకపోవడం, ఆ తరువాత ఓటమి, దాని వెంట నిరాశ.

అయితే వ్యవహారం అక్కడితో ఆగదు. నిరాశపడిన పిల్లవాడు తక్కువ చదువుతాడు. తక్కువ చదివినవానికి కొత్త మాటలు తక్కువ తెలుస్తాయి. దాని వల్ల తరువాతి పాఠం ఇంకా కష్టమవుతుంది. కీత్ స్టానోవిచ్ 1986లో ఈ సంగతిని వివరించాడు. చదవగలిగినవాడు నానాటికీ ముందుకు, చదవలేనివాడు నానాటికీ వెనుకకు పోతారు. ఈ విధంగా నిన్నటి ఫలితం రేపటికి కారణమవుతుంది. ఆ దశలో పిల్లవాణ్ణి చూసినవారికి సోమరితనమే అసలు కారణంగా కనబడడంలో వింత లేదు. మొదటి మెట్టు చూడకుండా చివరి మెట్టును చూసి తీర్పు చెప్పడమే పొరపాటు.

ఇందులో ఒక మినహాయింపును కూడా చెప్పాలి. అన్ని లక్షణాలూ ఓటమి ఫలితాలు కావు. ధ్యాస నిలపలేకపోవడం, నిలకడ లేకపోవడం అనే మరొక స్థితి అభ్యసన వైకల్యంతో పాటుగా చాలామందిలో ఉంటుంది. అది కూడా పుట్టుకతో వచ్చేదే. దానికి విడిగా పరీక్ష, సహాయం కావాలి. దానిని కూడా దండనతో పోగొట్టలేము.

దండన స్వభావాన్ని ఎలా మారుస్తుందో ఆరు వందల సంవత్సరాలకు పూర్వమే వివరించిన మహా పండితుడు మనకున్నాడు. ఆయన ఇబ్నె ఖల్దూన్ (1332-1406). 1377లో రచించిన 'ముఖద్దిమా'లో, విద్యార్థులపై కాఠిన్యం వారికి హానికరమని ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం వ్రాశాడు. దాని సారాంశం ఇది: కఠిన శిక్షల మధ్య పెరిగిన బాలుని మనస్సు ముడుచుకుపోతుంది. ఉత్సాహం నశిస్తుంది. సోమరితనం అలవడుతుంది. దెబ్బకు భయపడి లోపల ఒకటి, బయట ఒకటి చూపడం, అబద్ధమాడడం, మోసం చేయడం నేర్చుకుంటాడు. కొంతకాలానికి అవే అతని అలవాటుగా, స్వభావంగా స్థిరపడతాయి. సోమరి గనుక కొట్టామని మనం అంటున్నాము. కొట్టినందువల్ల సోమరి అయినాడని ఇబ్నె ఖల్దూన్ అంటున్నాడు. ఆయనకు అభ్యసన వైకల్యం అనే మాట తెలియదు. అయినా నేటి మనస్తత్వ శాస్త్రం చేరిన చోటికి ఆయన తన పరిశీలనతోనే చేరుకున్నాడు.

మక్తబ్‌లో, మదరసాలో

ఈ విషయం మన విద్యాలయాలకు ఎంత దగ్గరిదో చూడండి. ఖాయిదా నేర్చుకునే దశలో ఇటువంటి పిల్లవాడు చెవితో విన్నది తొందరగా పట్టుకుంటాడు. చిన్న సూరాలు విని కంఠస్థం చేస్తాడు. నాజిరాకు వచ్చేసరికి వేలు ఒక పంక్తి మీద, నోరు మరొక పంక్తి మీద ఉంటుంది. చూసి చదువుతున్నట్లు నటిస్తున్నాడని ఉస్తాద్‌కు కోపం వస్తుంది. నిజానికి అతడు తనకున్న బలంతో తన లోటును పూడ్చుకుంటున్నాడు. మరొక పిల్లవాడు దీనికి విరుద్ధంగా ఉంటాడు. కొత్త సబక్ వరకు బాగానే అప్పజెబుతాడు, ఆమూఖ్తా నిలుపుకోలేడు. ఇద్దరి కష్టాలూ వేరు, ఇద్దరికీ కావలసిన సహాయమూ వేరు.

నలుగురి ముందు నిలబెట్టి చదివించడం, తడబడినప్పుడు తోటివారిని నవ్వనివ్వడం, హేళన పేర్లతో పిలవడం ఈ పిల్లల పాలిట పెద్ద శిక్షలు. పరస్పరం హేళన చేసుకోవడాన్ని, కించపరచే పేర్లు పెట్టడాన్ని దివ్య ఖురాన్ హుజురాత్ సూరా 11వ ఆయతులో నిషేధించింది. ఆ నిషేధం పెద్దలకు ఒకటి, చిన్నవారికి ఒకటి కాదు. ఖురాన్ పఠనంలో తడబడుతూ, కష్టపడుతూ కూడా విడువకుండా చదివేవారికి రెండు పుణ్యాలు లభిస్తాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ప్రవక్త (స) రెట్టింపు ప్రతిఫలం ప్రకటించిన తడబాటుకు మనం బెత్తం ఎత్తడం ఎంతవరకు సబబో ఉస్తాదులే ఆలోచించాలి.

2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడులలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012లో జరిగిన సవరణ ప్రకారం మదరసాలు, వేద పాఠశాలలు ఆ చట్టం పరిధిలోకి రావు. ఆ చట్టం వర్తించని చోట బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. పిల్లవానికి అక్కడ దగ్గరగా ఉన్న రక్షణ ఉస్తాద్ మనస్సాక్షి, తల్లిదండ్రుల జాగ్రత్త.

నిలదొక్కుకున్నవారు ఎలా నిలదొక్కుకున్నారు?

ఈ పిల్లలు పెద్దవారైన తరువాత ఏమవుతారు? హవాయీ దీవులలో ఒకటైన కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. వారిలో అభ్యసన వైకల్యం గలవారు 22 మంది. చిన్నతనంలో ఎన్నో ఇబ్బందులు పడినా వీరిలో ఎక్కువమంది 32వ ఏటికి సంసారంలోను, పనిలోను చక్కగా కుదురుకున్నారని 1993లో వెర్నర్ వ్రాసింది. అందుకు తోడ్పడిన అంశాలను కూడా ఆమె పేర్కొన్నది. ఇతరుల ఆదరణ పొందే మంచి నడత, ఉన్న శక్తిని పనికి తెచ్చుకునే నేర్పు, బిడ్డ ఆత్మగౌరవాన్ని నిలబెట్టే పెంపకం, అండగా నిలిచిన పెద్దలు, జీవితపు మలుపులలో దొరికిన మరొక అవకాశం. ఆ పెద్దలు తాత, నాయనమ్మ, ఉపాధ్యాయుడు, ఇరుగుపొరుగువారు ఎవరైనా కావచ్చు.

కాలిఫోర్నియాలోని ఫ్రాస్టిగ్ కేంద్రంలో చదివిన పిల్లలను 20 సంవత్సరాల తరువాత వెదికి పరిశీలించిన రాస్కిండ్, గోల్డ్‌బర్గ్, హిగిన్స్ బృందం 1999లో మరింత స్పష్టమైన ఫలితాలు ప్రకటించింది. పెద్దయ్యాక ఎవరు నిలదొక్కుకుంటారో ముందుగా చెప్పడంలో తెలివితేటల కొలతకంటె, పరీక్ష మార్కులకంటె ఆరు గుణాలు ఎక్కువ ఉపయోగపడ్డాయి. తన లోటును, బలాన్ని ఎరిగి ఉండడం, తానే చొరవ తీసుకోవడం, పట్టుదల, సాధ్యమైన లక్ష్యం పెట్టుకోవడం, సహాయం అడిగి స్వీకరించడం, మనోవేదనను తట్టుకునే మార్గాలు తెలిసి ఉండడం. ఇవన్నీ పెంపకంలో, శిక్షణలో అలవడే గుణాలు. కాబట్టి స్వభావాన్ని గూర్చి పెద్దలు ఆందోళన చెందడం సరైనదే. ఆ స్వభావాన్ని తీర్చిదిద్దడంలో తమ పాత్ర ఎంతో గుర్తిస్తే చాలు.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చేయవలసింది

మొదటిది, పరీక్ష చేయించడం. ముందు చూపు, వినికిడి చూపించాలి. ఆ తరువాత పిల్లల మనస్తత్వ నిపుణుని వద్దకు తీసుకుపోవాలి. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ రూపొందించిన పరీక్షావళి మన దేశంలో విరివిగా వాడుకలో ఉన్నది. సాధారణంగా ఎనిమిదేళ్ళ వయస్సు వచ్చాక గాని ఖచ్చితంగా నిర్ధారించరు. కాని సహాయం చేయడానికి అప్పటి వరకు ఆగనక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యం కూడా ఒకటి. ధ్రువపత్రం ఉన్నవారికి పరీక్షలలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలు అర్హతను బట్టి లభిస్తాయి. పెళ్ళి సంబంధాలకు అడ్డం వస్తుందని ఆడపిల్ల విషయంలో ధ్రువపత్రం వద్దనుకునే తల్లిదండ్రులున్నారు. ఆమె హక్కును వారు ఆ విధంగా పోగొడుతున్నారు.

రెండవది, పిల్లవానికి అతని కష్టం ఏమిటో చెప్పడం. "నీకు తెలివి ఉన్నది. అక్షరాలు పట్టుకోవడం నీకు ఇతరులకంటె కష్టం. దానికి వేరే పద్ధతి ఉన్నది, కలిసి నేర్చుకుందాం" అని చెప్పాలి. ఏమీ చెప్పకపోతే "నేను మొద్దును" అనే వివరణను అతడే సృష్టించుకుంటాడు.

మూడవది, శ్రమను గూర్చి జాగ్రత్తగా మాట్లాడడం. 1975లో కరోల్ డ్వెక్ అనే పరిశోధకురాలు, ఓటమికి తట్టుకోలేని 12 మంది పిల్లలపై ఒక ప్రయోగం చేసింది. కొందరికి ఎప్పుడూ గెలిచేటట్లు తేలిక లెక్కలే ఇచ్చింది. మిగిలినవారికి అప్పుడప్పుడు ఓటమి ఎదురయ్యేటట్లు చేసి, అది తెలివి లోపం కాదు, ప్రయత్న లోపం అని నేర్పింది. తరువాత కష్టమైన లెక్కలు ఎదురైనప్పుడు మొదటివారు మునుపటిలాగే చతికిలబడ్డారు, రెండవవారు నిలబడ్డారు. దీనిని బట్టి ఉత్త పొగడ్త, ఉత్త తేలిక పాఠాలు చాలవని తెలుస్తున్నది. అయితే అభ్యసన వైకల్యం గల పిల్లవాడు ఇప్పటికే అందరికంటె ఎక్కువ కష్టపడుతూ ఉండవచ్చు. అతనికి "ఇంకా కష్టపడు" అని చెబితే గాయం మీద కారం చల్లినట్లే. "ఈ పద్ధతిలో కుదరలేదు, ఆ పద్ధతిలో చూద్దాం" అనాలి. శ్రమతో పాటు మార్గం చూపించాలి.

నాలుగవది, పాఠం చెప్పే తీరు మార్చడం. శబ్దాన్ని, అక్షరాన్ని ఒక వరుసలో, కొద్ది కొద్దిగా, పలికిస్తూ, వ్రాయిస్తూ నేర్పే పద్ధతి వీరికి మేలు చేస్తుంది. ఒక గంట పాఠంకంటె రోజుకు మూడుసార్లు పదేసి నిమిషాల పాఠం మంచిది. మక్తబ్‌లో నుక్తాలకు రంగు వేసి చూపడం, చదివే పంక్తి క్రింద అట్టముక్క పెట్టడం, ముందు ఉస్తాద్ చదివి వినిపించి, ఆ తరువాత అదే పంక్తిని పిల్లవానితో చదివించడం ఖర్చు లేని పనులు. నలుగురిలో కాక విడిగా అప్పజెప్పించుకోవడం వీటన్నిటికంటె తేలిక.

ఐదవది, బిడ్డ రాణించే పనిని కాపాడడం. అది అజాన్ పలకడం కావచ్చు, సైకిలు బాగుచేయడం కావచ్చు, కుట్టుపని కావచ్చు. దానిని చదువుకు పోటీగా చూడకూడదు.

ఆరవది, తండ్రులకు సంబంధించినది. ఈ కష్టం వంశంలో వస్తుందని పైన చెప్పాము. కొడుకు పుస్తకం చూసి ఎక్కువగా మండిపడే తండ్రి, కొన్నిసార్లు తన బాల్యంలో అవే దెబ్బలు తిన్నవాడై ఉంటాడు. "నేనూ ఇలాగే ఉండేవాణ్ణి నాయనా" అని ఒక్కసారి కొడుకుతో చెప్పగలిగితే ఎన్నో పాఠాలు చేయలేని మేలు జరుగుతుంది.

అభ్యసన వైకల్యం పూర్తిగా పోయేది కాదు. తగిన శిక్షణతో చదవడం వస్తుంది, వేగం తక్కువగా ఉండవచ్చు. కాని భయం, నిస్సహాయత, అబద్ధం, కోపం మాత్రం ఆ బిడ్డ తనతో తెచ్చుకున్నవి కావు. చాలా వరకు మన మాటల నుండి, మన చేతుల నుండి అతనికి చేరినవే. పిల్లలు మన వద్ద ఉన్న అమానతు. రేపు ఉదయం సబక్ అప్పజెప్పడానికి వచ్చి తలవంచుకుని నిలబడే బిడ్డను "ఎందుకు చదవలేదు?" అని కాక "ఎక్కడ కష్టంగా ఉన్నది?" అని అడగడంతో మన బాధ్యతను మొదలుపెట్టవచ్చును.